వంటింటి అలమరలో పిలవని పేరంటం

(సంఘ సభ్యుల కుటుంబ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు ముందు మాట్లాడిన పెద్దలు డి.ఏ. బకాయిల గురించి, మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పారు. నాకు అప్పగించిన అంశం వంటింటి సామాన్లకు పట్టే పురుగులు. ఇంత చిన్న విషయానికి ఒక ఉపన్యాసమా అని కొందరు నవ్వుకుంటున్నట్లున్నారు. మన కార్యదర్శి గారు సభ్యుల ఇళ్ళలో ఏ విషయం మీద మాట్లాడితే బాగుంటుందని విచారిస్తే, ఆడవారిలో ఎక్కువ మంది చెప్పింది ఇదేనట. కనుక నవ్వేవారు ఇంటికి వెళ్ళి నవ్వండి, ఏమవుతుందో చూద్దాం.

నేను శాస్త్రజ్ఞుణ్ణి కాను. తాలూకా ఆఫీసుల రోజుల్లో గుమాస్తాగా చేరి, 1985లో మండలాలు వచ్చిన తరువాత కూడా ఎక్కువ కాలం పౌర సరఫరాల సీటులోనే గడిపినవాణ్ణి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం మొదలయ్యాక బియ్యం నిల్వల రిజిస్టర్లు, గోదాము తనిఖీలు, తరుగు లెక్కలు నా చేతి మీదుగా చాలా నడిచాయి. బస్తా మీద చెయ్యి వేసి లోపల పురుగు ఉన్నదీ లేనిదీ చెప్పగల హమాలీల దగ్గర కొంత, శిక్షణకు పంపినప్పుడు కొంత, తరువాత చదువుకుని కొంత నేర్చుకున్నాను. రిటైరయ్యాక మా ఇంటావిడ సామాన్ల అలమర చార్జి నాకు ఒప్పజెప్పింది. ఆ చార్జి నుంచి రిలీవింగ్ ఆర్డరు ఇంతవరకు రాలేదు.

మొదట ఒక అపోహ తీర్చవలసి ఉంది. డబ్బాలో పురుగు కనబడగానే ఇంట్లో మాట అనిపించుకునేది ఆడవారు. "శుభ్రం లేదు, చూసుకోవడం లేదు" అంటారు. కోడలైతే అత్తగారి చేత, ఇప్పుడు కాలం మారింది గనుక అత్తగారైతే కోడలి చేత. ఇది చాలా అన్యాయం. పురుగు మురికిలోంచి పుట్టదు, గుడ్డులోంచి పుడుతుంది. ఆ గుడ్డు చాలాసార్లు మన గుమ్మం దాటకముందే గింజలో ఉంటుంది.

బియ్యపు ముక్కుపురుగును తీసుకోండి. ఆడపురుగు తన పొడుగాటి ముక్కుతో గింజకు చిన్న రంధ్రం చేసి, అందులో ఒక గుడ్డు పెట్టి, పైన జిగురులాంటి పదార్థంతో మూత వేస్తుంది. ఎంత మంచి కళ్ళజోడు పెట్టుకుని చూసినా ఆ గింజ మంచి గింజలాగే ఉంటుంది. లోపల పిల్ల పుట్టి, గింజను తింటూ పెరిగి, మన వేసవి, వర్షాకాలపు వేడిలో సుమారు నెల రోజులకు పెద్ద పురుగై బయటికి వస్తుంది. పప్పు పురుగుదయితే మరీ విచిత్రం. పెసలు, కందులు, అలసందలు ఇంకా చేలో కాయగా ఉండగానే వచ్చి గుడ్లు పెట్టగలదు. కళ్ళం, మిల్లు, గోదాము, దుకాణం, ఇన్ని చోట్ల తిరిగి వచ్చిన సరుకులో ఎక్కడో ఒకచోట పురుగు తగిలితే, నిన్న ఇంటికి తెచ్చి డబ్బాలో పోసిన ఇల్లాలిని తప్పుపట్టడం ఏమి న్యాయం? మన బాధ్యత వచ్చినదాన్ని పెరగనివ్వకపోవడం. ఈ ఒక్క మాట ఈరోజు ఇంటికి తీసుకువెళ్ళినా నా ప్రసంగం సార్థకమైనట్లే.

ఇక ఎవరెవరు వస్తారో గుర్తు పట్టాలి. మనిషిని గుర్తు పట్టకుండా సమను పంపలేము కదా.

ఒకటి, ఇప్పుడు చెప్పిన ముక్కుపురుగు. మన ఇళ్ళలో ముక్కపురుగు అని కూడా అంటారు. నువ్వుగింజంత ఉంటుంది, ముందుకు సాగిన ముక్కు ఉంటుంది, వీపు మీద లేత రంగు మచ్చలు నాలుగు కనబడతాయి. బియ్యం, గోధుమలు, జొన్నలు దీని స్థానం.

రెండు, పప్పు పురుగు. పెసలు, శనగలు, అలసందల మీద తెల్లగా సున్నపు చుక్కలు అంటించినట్లు కనబడితే అవి దీని గుడ్లు. గింజకు గుండ్రటి కన్నం కనబడితే పురుగు బయటికి వెళ్ళిపోయిందన్నమాట. పెద్ద పురుగు ఏమీ తినదు, పది రోజులకు అటూ ఇటూగా బతుకుతుంది. నష్టమంతా లోపల పెరిగే పిల్లతోనే. కనుక పైన తిరిగే పురుగులను ఏరిపారేసి పని అయిందనుకోకూడదు.

మూడు, ఎర్ర పిండి పురుగు. గోధుమపిండి, మైదా, బొంబాయి రవ్వ, సేమ్యా దీనికి ఇష్టం. పూర్తి గింజను కొరికే శక్తి తక్కువ, నూక, పిండి ఉన్నచోట చెలరేగుతుంది. ఇది బాగా పెరిగితే విడిచే పదార్థాల వల్ల పిండికి ఒక ఘాటైన కంపు, ఒక్కోసారి లేత గులాబి రంగు వస్తాయి.

నాలుగు, బియ్యపు రెక్కల పురుగు. సాయంత్రం దీపం పెట్టే వేళకు వంటింట్లో బూడిదరంగు చిన్న సీతాకోకచిలుకలాగా ఎగురుతుంది. దాని పిల్ల దారంతో రవ్వనూ బియ్యాన్నీ ఉండలు చుడుతుంది. చెంచా పెడితే రవ్వ జాలరులాగా లేచివస్తే ఇదే.

ఐదు, మసాలా డబ్బాల పురుగు. పసుపు కొమ్ములు, ధనియాలు, ఎండుమిరపకాయలు, చివరికి పొగాకు కూడా దీనికి ఆహారమే. గుండ్రంగా, గోధుమ రంగులో, ముట్టుకుంటే చచ్చినట్టు నటిస్తుంది. ఆఫీసులో ఇలాంటివారిని కూడా మనం చూశాం, పేర్లు వద్దు.

ఇవి కుట్టవు, కరవవు. రెండు పురుగులు పడిన బియ్యాన్ని చేటలో చెరిగి, కడిగినప్పుడు పైకి తేలిన పురుగులను, డొల్ల గింజలను వంపేసి వండుకుంటే ప్రమాదమేమీ లేదు. తాతముత్తాతలు అలాగే తిన్నారు. అయితే పురుగు ఎక్కువైతే దాని విసర్జనం ధాన్యంలో చేరుతుంది. అందుకే ఆహారధాన్యాలలో యూరిక్ ఆమ్లం కిలోకు 100 మిల్లీగ్రాములు మించరాదని మన ఆహార నిబంధనలు చెబుతాయి. ఇంట్లో ఆ పరీక్ష చేయలేము, ముక్కు చాలు. కంపు కొట్టే పిండి, ఉండలు కట్టిన రవ్వ, బూజు వాసన వేసే వేరుశనగ గుళ్ళు నిర్మొహమాటంగా పారేయండి. ముఖ్యంగా వేరుశనగ బూజులో లివరును దెబ్బతీసే విషం ఉంటుంది, అది వేయించినా పూర్తిగా పోదు. "డబ్బు పెట్టి కొన్నాం కదా" అని ముద్దలో కలుపుకుంటే తరువాత మందుల షాపులో కట్టవలసివస్తుంది.

పురుగు కనబడింది, ఏం చేయాలి? కనబడిన డబ్బా ఒక్కటే శుభ్రం చేస్తే సరిపోదు. అలమర అంతా ఖాళీ చేయండి. ఒక్కొక్క డబ్బా, ఒక్కొక్క పొట్లం వెలుతురులో తెల్లకాగితం మీద పోసి చూడండి. అసలు పుట్ట ఎక్కడుందో తేలాలి. చాలా ఇళ్ళలో అది మనం మరచిపోయిన చోట ఉంటుంది. పూజగదిలో పాత అక్షింతలు, కలశం కింది బియ్యం, నవగ్రహ పూజకు తెచ్చిన నవధాన్యాల పొట్లంలో మిగిలిన గుప్పెడు, బీరువాలో దాచిన ఒడిబియ్యం, పిచ్చుకలకు వేసే కొర్రలు, నాలుగేళ్ళ కిందటి పసుపు కొమ్ములు. వంటింట్లో ఎంత శుభ్రం చేసినా మళ్ళీ మళ్ళీ వస్తున్నాయంటే పూజగది చూడండి. దేవుడు ఏమీ అనుకోడు.

పాడైన సరుకును వంటింటి చెత్తబుట్టలో వేయకండి. కవరులో మూతి బిగించి కట్టి అదేరోజు బయటికి పంపండి. అలమర మూలలు, చెక్కల సందులు, మేకు కన్నాలు గట్టి బ్రష్షుతో దులపండి. సందులో చిటికెడు పిండి మిగిలినా ఒక కుటుంబానికి సరిపోతుంది. ఆ తరువాత పొడిగుడ్డతో తుడవండి. నీళ్ళు పోసి కడిగితే పూర్తిగా ఆరేవరకు, ఒకటి రెండు రోజులైనా, డబ్బాలు తిరిగి పెట్టవద్దు. తేమ పురుగుకు పుట్టిల్లు.

బాగు చేయగలిగిన సరుకుకు మూడు దారులు. పప్పులు, శనగలు, పెసలు అయితే వేసవి ఎండలో పలుచగా పరిచి రెండు మూడు రోజులు మంచి ఎండ తగలనివ్వండి. బాగా చల్లారాకనే డబ్బాకు ఎత్తాలి, వేడిమీద మూత పెడితే లోపల చెమ్మ పడుతుంది. బియ్యాన్ని మాత్రం మండుటెండలో పెట్టవద్దు, గింజ పగిలి నూక అవుతుంది. నీడలో గాలికి ఆరబోయండి. పురుగు వెలుతురు ఓర్వలేక తనంతట తానే పాకిపోతుంది. రెండో దారి, రవ్వ, సేమ్యా తెచ్చిన రోజే దోరగా వేయించి పెట్టుకోవడం. మూడో దారి ఫ్రిజ్‌లో ఐసు గడ్డకట్టే పై అర. కిలో పొట్లాన్ని కవరులో బిగించి వారం రోజులు అక్కడ పెడితే గుడ్డుతో సహా చస్తుంది. బయటికి తీశాక చల్లదనం పోయేవరకు కవరు విప్పకండి, విప్పితే సరుకు మీద నీటి చెమ్మ దిగుతుంది. కింది అరలో పెడితే పెరుగుదల ఆగుతుంది తప్ప వెంటనే చావదు.

ఇక పెద్దల పద్ధతులు. కందిపప్పుకు ఆముదం పట్టించడం మన ఇళ్ళలో అందరికీ తెలుసు. ఇది వట్టి ఆచారం కాదు. కిలోకు ఒక చెంచా నూనె పలుచగా పట్టిస్తే గుడ్డుకు గాలి ఆడదు, గింజ నున్నబడి గుడ్డు సరిగా అంటుకోదు. పల్లెల్లో కందులకు ఎర్రమట్టి కట్టడం, విత్తనాలకు బూడిద కలపడం కూడా తెలివైన పనులే. సన్నని బూడిద గింజల సందులు పూడ్చి, పురుగు ఒంటిమీది మైనపు పొరను గీరి, అది ఎండిపోయేలా చేస్తుంది. వేపాకు, ఎండుమిరపకాయలు, లవంగాలు, ఇంగువ కొంతవరకు పురుగును దగ్గరికి రానివ్వవు. కాని గింజ లోపల ఉన్నదాన్ని చంపలేవు. వేపాకు వేశాం కదా అని ఆరునెలలు మూత తీయకుండా కూర్చోవద్దు. వేసే ఆకు కూడా నీడలో పూర్తిగా ఎండినదై ఉండాలి, పచ్చి ఆకు వేస్తే తేమను మనమే ఆహ్వానించినట్లు.

కోయంబత్తూరులోని తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం వారు ఒక చిన్న ఉపకరణం తయారుచేశారు. కన్నాలున్న గొట్టం, అడుగున జారుడు గరాటు, దాని కింద గిన్నె. బియ్యంలో నిలువుగా గుచ్చి ఉంచితే, గాలి కోసం వచ్చే పురుగు కన్నంలోంచి దూరి లోపల పడిపోతుంది, మళ్ళీ పైకి ఎక్కలేదు. మందు లేదు, మాకు లేదు. కళ్ళు సరిగా కనబడని మనలాంటివారికి పురుగు వచ్చిందని ముందుగా తెలియజేసే నమ్మకమైన నౌకరు.

ఇప్పుడు అతి ముఖ్యమైన విషయానికి వస్తున్నాను. దయచేసి శ్రద్ధగా వినండి.

మన చిన్నతనంలో ధాన్యం గాదెల చుట్టూ బి.హెచ్.సి. పొడి చల్లేవారు. దానిని 1997లో నిషేధించారు. ధాన్యంలో పగలగొట్టి పెట్టే ఇ.డి.బి. అనే గాజు గొట్టాలు వచ్చాయి, వాటినీ 2001లో నిషేధించారు. ఇప్పుడు మిగిలింది అల్యూమినియం ఫాస్ఫైడు బిళ్ళ. జనం గోదాము బిళ్ళ అని, గోధుమల బిళ్ళ అని అంటారు. గాలిలోని తేమ తగిలితే చాలు, దానినుంచి ఫాస్ఫీన్ అనే విషవాయువు వస్తుంది. గోదాములలో తలుపులు మూసి, బస్తాల మీద పట్టాలు కప్పి, మనుషులను దూరంగా ఉంచి, ముఖానికి తొడుగు పెట్టుకున్నవారు చేసే పని అది. ప్రభుత్వ నిపుణుల పర్యవేక్షణలో, అనుమతి పొందినవారు మాత్రమే వాడాలని నిబంధన. కాని కొన్నిచోట్ల చాటుమాటుగా చేతిలో నాలుగు బిళ్ళలు పెట్టి పంపుతున్నారు.

నాకు తెలిసిన ఒక ఇంట్లో, భార్యాభర్తలిద్దరే, డెబ్బై దాటినవారు, ఎవరో ఇచ్చిన రెండు బిళ్ళలను గుడ్డలో మూటకట్టి బియ్యం డ్రమ్ములో వేశారు. వంటిల్లు ఇరుకు కావడంతో ఆ డ్రమ్ము పడకగదిలో ఉంది. వానాకాలం, తలుపులు, కిటికీలు మూసి ఉన్నాయి. తెల్లవారుజామున ఇద్దరికీ వాంతులు, తలనొప్పి, ఊపిరాడని బాధ. తిన్నది పడలేదనుకున్నారు. పాలు పోసే అబ్బాయి ఎంత పిలిచినా తలుపు తీయకపోతే పొరుగువారిని కేకవేశాడు. అదృష్టవశాత్తు బతికారు. ఆ విషానికి ప్రత్యేకమైన విరుగుడు మందు లేదని ఆస్పత్రిలో డాక్టరు చెప్పినప్పుడు వారి కుమారుడు కుర్చీలో కూలబడిపోయాడు. పాతిక కిలోల బియ్యం ఖరీదెంత? రెండు ప్రాణాల ఖరీదెంత?

కనుక మీ ఇంట్లో అటువంటి బిళ్ళ ఉంటే, అటకమీద పాత సీసాలో ఉన్నా సరే, చేత్తో ముట్టవద్దు, నీళ్ళలో పోయవద్దు, కాలువలో వేయవద్దు, మూత తీసి వాసన చూడవద్దు. తలుపులు తెరచి మనుషులు బయటికి వచ్చి, అగ్నిమాపక శాఖకు 101కి ఫోను చేయండి. ఎవరికైనా ఒంట్లో బాగా లేకపోతే వెంటనే 108 పిలిచి, బిళ్ళ సంగతి డాక్టరుకు దాచకుండా చెప్పండి. బియ్యంలో పాదరసం బిళ్ళలు వేయడం, బోరిక్ పౌడరు కలపడం, సామాన్ల అలమరలో బొద్దింకల సుద్దముక్క గీయడం, దోమల మందు కొట్టడం కూడా మానండి. మనం తినేదాని పక్కన మనం తినకూడనిది ఉండరాదు.

మందు లేకుండా ఎలా అంటారా? అసలు మందు తక్కువ కొనడం. ఒక కాగితపు లెక్క చెబుతాను. బస్తాలో ఐదు ఆడపురుగులు వచ్చాయనుకోండి. ఒక్కొక్కటి జీవితకాలంలో మూడు వందల గుడ్లు పెట్టగలదు. మనం దయతలచి వందే బతికాయని రాసుకుందాం. ఒక తరానికి 500. అందులో సగం ఆడవి, రెండవ తరానికి 25,000. నిజానికి గింజ చాలక, గాలి చాలక అన్నీ పెరగవు, కాని పోకడ అర్థమైంది కదా. రోజుకు ఒక్కొక్కరు 200 గ్రాముల బియ్యం తినే ఇద్దరు వృద్ధులకు నెలకు 12 కిలోలు చాలు. పాతిక కిలోల బస్తా రెండు నెలలు వస్తుంది, అంటే పురుగుకు రెండు తరాల గడువు మనమే మంజూరు చేస్తున్నాము. పది కిలోలు తెచ్చుకుంటే మొదటి తరం బయటపడేసరికి బియ్యమే ఉండవు. బస్తా అయితే చవక అంటారా, ఇద్దరు ముగ్గురు సభ్యులు కలిసి ఒక బస్తా తెచ్చి పంచుకోండి.

కౌటిల్యుడు అర్థశాస్త్రంలో కోష్ఠాగారాధ్యక్షుడి విధులు రాస్తూ, కొత్త సరుకు వచ్చినప్పుడల్లా దానితో పాతదాన్ని మార్చుతూ ఉండాలని నియమం పెట్టాడు. మన స్టాకు రిజిస్టరు సూత్రం కూడా అదే. పాతది ముందు, కొత్తది వెనుక. పాత పప్పు అడుగున ఉండగా పైన కొత్తది పోయవద్దు. డబ్బా ఖాళీ చేసి, తుడిచి, ఎండలో పెట్టి పోయండి. తెచ్చిన తేదీ చీటీ మీద రాసి అంటించండి. పలుచని ప్లాస్టిక్ కవరును కొన్ని పురుగులు కొరికి కన్నం చేయగలవు, బిగుతు మూతల స్టీలు డబ్బాలు, గాజు సీసాలు మేలు. డబ్బా నిండుగా ఉంటే లోపల గాలి తక్కువ, పురుగుకు ఊపిరి తక్కువ. పెద్ద డబ్బాలో పావు వంతు సరుకు ఉంటే చిన్న డబ్బాకు మార్చండి. నెలకు ఒకసారి, పెన్షను పడిన మరుసటి రోజున అనుకోండి, తనిఖీ చేయండి. మనవలు, మనవరాళ్ళు దగ్గర ఉంటే వారిని ఇన్‌స్పెక్టర్లను చేయండి. వారి కళ్ళు చురుకైనవి, ఫీజు ఒక చాక్లెట్టు.

ఇంకొక మనవి. నెలవారీ సామాను నడుము ఎత్తులో ఉన్న అరలలో పెట్టుకోండి. డెబ్బై ఏళ్ళ వయసులో స్టూలెక్కి అటకమీది డబ్బా దించబోయి తుంటి ఎముక విరిగితే, పురుగు కంటే పెద్ద నష్టం.

చివరిగా ఒక మాట చెప్పడానికి కాస్త సంకోచంగానే ఉంది. మన ఇళ్ళలో డబ్బాలన్నీ ఏడెనిమిది మందికి కొన్నవి. ఇప్పుడు ఆ ఇళ్ళలో ఇద్దరున్నారు, కొన్నిచోట్ల ఒక్కరే ఉన్నారు. అయినా సంక్రాంతికి పిల్లలు వస్తారని మినుములు, వేసవికి వస్తారని పెసలు, అమెరికా నుంచి మనవడు వస్తే సున్నుండలు చేయాలని ఇంకో రెండు కిలోలు తెచ్చి నింపుతూనే ఉన్నాము. సెలవు దొరకలేదని ఫోను వస్తుంది. సరుకు అలాగే ఉండిపోతుంది. పారేయడానికి మనసు రాదు, అది పారేస్తే పిల్లలు రారని ఒప్పుకున్నట్లుంటుందని ఒక సోదరి నాతో అన్నది. ఆ మాటకు నా దగ్గర సమాధానం లేకపోయింది. కాని ఇది మాత్రం చెప్పగలను. పిల్లలు వచ్చే వారం కబురు తెలిస్తే, వీధి చివర దుకాణంలో మినుములు దొరుకుతాయి. ఈలోగా ఇంట్లో ఉన్నవి పుచ్చిపోకముందే, మంచిగా ఉన్నప్పుడే, పనిమనిషి పిల్లలకో, గుడిలో అన్నదానానికో, అనాథాశ్రమానికో ఇవ్వండి. మీరు చేయాలనుకున్న సున్నుండలు ఎవరో ఒక పిల్లవాడు తింటాడు. పురుగు తినడం కంటే అది ఎంతో మేలు.

 భోజనాల వేళయింది. ఈరోజు వండిన కందిపప్పును నిన్న సాయంత్రం నేనూ మన కోశాధికారి గారూ తెల్లకాగితం మీద పోసి పరీక్షించామని సవినయంగా తెలియజేస్తూ సెలవు తీసుకుంటున్నాను.